లైబ్రరీలో నడుముకి పిస్టల్: సిటీ వద్దనొచ్చా, అనకూడదా?

ఇద్దరు పిల్లల నాన్న:
మేముండేది టెక్సస్‌లో, డాలస్ శివార్లలో. మొన్న శనివారం చిన్నదాన్ని సిటీ లైబ్రరీలో కథలు చెబుతారంటే తీసుకెళ్లా. కౌంటర్ దగ్గర ఒకాయన, నిక్కరు, టీషర్టు, నడుముకి హోల్‌స్టర్, అందులో పిస్టల్. ఎవర్నీ ఏమీ అనలేదు. రెండు పుస్తకాలు ఇచ్చేసి, మా పాపకి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. అయితే ఆయన నడుము సరిగ్గా పాప కళ్లెత్తులో ఉంది. "నాన్నా, ఆయన పోలీసా?" అంది. కాదన్నా. "మరి ఎందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు. కౌంటర్లో అమ్మాయినడిగితే "మేం ఆపలేమండీ, స్టేట్ లా" అంది. మన పన్నులతో నడిచే భవనంలోకి ఏది తేవాలో సిటీ చెప్పుకోలేదా?

స్టోర్ అన్న:
తమ్ముడూ, ఆయన చేసిన తప్పేంటో నువ్వే చెప్పలేదు. చెయ్యి ఊపడమా? నాకు పద్నాలుగేళ్లుగా గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి పదకొండింటికి గల్లా లెక్కపెట్టుకునేవాడికి తుపాకీ ఎందుకో తెలుస్తుంది. మధ్యలో నీళ్ల బిల్లు కట్టడానికి సిటీ ఆఫీసుకి వెళ్తే పిస్టల్ ఎక్కడ పెట్టాలి? కార్లోనా? అద్దం పగలగొట్టి ఎత్తుకుపోతే అది దొంగ చేతికి చేరినట్టే కదా. నా నడుముకి ఉంటేనే నయం.

సీమ బిడ్డ:
మా కడప వైపు ఎలక్షన్లొస్తే మా తాత తన డబుల్ బ్యారెల్ తీసుకెళ్లి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదుని పట్టాదారు పుస్తకంలో పెట్టి దాచేవాడు. ఆయనకేం నామోషీ అనిపించలేదు. తుపాకులంటే భయం లేని ఊరే మాది, అయినా కచేరీ మెట్లెక్కేటప్పుడు చంకన పెట్టుకుని పోయేవాడు కాదు.

స్టోర్ అన్న:
అక్కడ లైసెన్సు సర్కారు దయ. ఇక్కడ హక్కు. 2008లో హెల్లర్ కేసులో ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం, 2022లో బ్రూయెన్ కేసులో బయట వెంట పెట్టుకోవడం హక్కని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

లా చదివినామె:
అన్నయ్యగారూ, ఆ హెల్లర్ తీర్పులోనే ఇంకో మాట ఉంది. బడులు, ప్రభుత్వ భవనాల వంటి సున్నితమైన చోట్ల నిషేధాలను ఈ తీర్పు ప్రశ్నించడం లేదని రాశారు. అంటే లైబ్రేరియన్ చేతులు కట్టేసింది రాజ్యాంగం కాదు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కూర్చున్న శాసనసభ. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా బయటికి కనపడేలా తుపాకీ తేవద్దనుకుంటే దుకాణంవాళ్లు 30.07 బోర్డు (అది చట్టంలో సెక్షన్ నంబరు) పెట్టుకోవచ్చు. అంగుళం ఎత్తు అక్షరాలు, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, ప్రతి గుమ్మం దగ్గరా. సిటీ సొంత భవనానికి ఆ బోర్డు చెల్లదు. కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, బడులవంటి చోట్ల చట్టమే వద్దంటుంది, అది వేరు. చెల్లని బోర్డు పెడితే ఎవరైనా రాతపూర్వకంగా నోటీసివ్వచ్చు. మూడు పనిదినాల్లో తీయకపోతే అటార్నీ జనరల్‌కి ఫిర్యాదు. జరిమానా మొదటిసారికి రోజుకి వెయ్యి నుంచి 1,500 డాలర్లు, మళ్లీ చేస్తే పదివేల పైన. ఉత్తుత్తి బెదిరింపు కాదు, ఆస్టిన్ సిటీ హాల్ మీద 2016లో దావా వేశారు, 2019లో జడ్జి ఆరు రోజులకి 9,000 డాలర్లు వేశారు.

ఇంకో తమాషా. ప్రజలకి ముందుగా నోటీసిచ్చి జరిపే సిటీ కౌన్సిల్ మీటింగ్ గదిలోకి తుపాకీ రానివ్వక్కర్లేదు. కౌన్సిలర్లు కూర్చునే గదికి ఆ రక్షణ ఉంది, పిల్లలు చాప మీద కూర్చునే గదికి లేదు.

స్టోర్ అన్న:
మేడమ్, శాసనసభవాళ్లు మనకొకటి, వాళ్లకొకటి అనలేదు. శాసనసభ కూర్చునే క్యాపిటల్ భవనంలోకి లైసెన్సు ఉన్నవాడు తుపాకీతోనే వెళ్లొచ్చు, మెటల్ డిటెక్టర్ లైను కూడా తప్పుతుంది.

లా చదివినామె:
నిజమే, ఆ పాయింట్ మీదే. కానీ 2021 సెప్టెంబర్ 1 తర్వాత, 21 ఏళ్లు నిండి చట్టం వద్దనని మనిషైతే బయట పిస్టల్ పెట్టుకోడానికి లైసెన్సే అక్కర్లేదు. అంతకుముందు ఆ లైబ్రరీ ఆయనకి కనీసం ఒక క్లాసు, వేలిముద్రలు, షూటింగ్ పరీక్ష అయ్యాయని నమ్మొచ్చు. ఇప్పుడా నమ్మకం లేదు. నా అభ్యంతరం అక్కడే.

మిషిగన్ మావయ్య:
మా దగ్గరా ఇదే గొడవ. మా రాజధాని లాన్సింగ్‌లో లైబ్రరీ తుపాకులు వద్దంటే 2012లో అప్పీల్స్ కోర్టు కుదరదంది. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు బడులు మాత్రం వద్దనుకోవచ్చంది. ఎందుకంటే స్థానిక ప్రభుత్వాలను కట్టడి చేసే చట్టంలో సిటీ, కౌంటీ ఉన్నాయి, స్కూల్ డిస్ట్రిక్ట్ (బడుల్ని నడిపే సంస్థ) లేదు. పిల్లలు అక్కడా వాళ్లే, ఇక్కడా వాళ్లే. 2020 ఏప్రిల్ 30న కొందరు రైఫిళ్లతో మా క్యాపిటల్లోకి వచ్చారు. ఆ తర్వాత, 2021 జనవరిలో గానీ అక్కడ ఓపెన్ క్యారీ, అంటే బయటికి కనపడేలా తుపాకీ పెట్టుకోవడం, ఆపలేదు.

ఇద్దరు పిల్లల నాన్న:
స్టోర్ అన్నా, ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకు. నువ్వు లైబ్రరీకి పిస్టల్ బయటికి కనపడేలా పెట్టుకుని వెళ్తావా?

స్టోర్ అన్న:
వెళ్లను. చొక్కా కిందే ఉంటుంది. మన రంగు, మన గడ్డం చూసి ఎవరైనా 911కి కొడితే, వచ్చిన పోలీసుకి నేను చట్టం వివరించేలోపు ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన చెయ్యి ఊపి వెళ్లాడు, నేనైతే చేతులు పైకెత్తాల్సొచ్చేది. అయినా చట్టం మార్చాలంటే మాత్రం ఒప్పుకోను.

సీమ బిడ్డ:
అన్నా, సగం కేసు నువ్వే మాకు అప్పజెప్పేశావ్. రసీదు ఇమ్మంటావా?

స్టోర్ అన్న:
😄 కేసు కాదు, జాగ్రత్త.

ఇద్దరు పిల్లల నాన్న:
మంగళవారం కౌన్సిల్ మీటింగ్‌లో మూడు నిమిషాలకి పేరిచ్చా. నిషేధం అడిగితే వాళ్ల చేతుల్లో లేదంటారు. కాబట్టి కథల కార్యక్రమాన్ని మీటింగ్ గదిలో పెట్టమని అడుగుదామనుకుంటున్నా. లా మేడమ్, అప్పుడు కుదురుతుందా?

లా చదివినామె:
కుదరదండీ, అక్కడ మీటింగ్ జరుగుతున్నంతసేపే ఆ నిబంధన. కానీ బడి సొంత భవనంలో, బడి తరఫున జరిగే కార్యక్రమానికి నిషేధం వర్తిస్తుంది. శనివారం కథలని మీ స్కూల్ తన భవనంలో, తన కార్యక్రమంగా నడుపుతుందేమో ముందు ప్రిన్సిపల్ని అడగండి.