సగన్, సాగనంపడం చుట్టాలేనా?

‘ఫేర్‌వెల్ పార్టీ’కి తెలుగేమిటని నిన్న ఇక్కడ ఒకరు అడిగితే అందరూ ‘వీడ్కోలు విందు’ అన్నారు. బాగానే ఉంది. నాకు మాత్రం ‘సాగనంపడం’ గుర్తొచ్చింది. ఆ మాట దగ్గర ఒకసారి పప్పులో కాలేశాను కూడా.

నేపాల్‌లోని భక్తపూర్‌లో ఒక బడిలో మూడు నెలలు వలంటీరుగా చదువు చెప్పాను. బయల్దేరే రోజు పొద్దున్నే, నేనున్న నేవారుల (కాఠ్మాండూ లోయలోని స్థానిక జనం) ఇంటి పెద్దావిడ చాప మీద కూర్చోబెట్టి, బియ్యం, పెరుగు, కుంకుమ కలిపి నుదుట టీకా పెట్టింది. తర్వాత కోడిగుడ్డు, ఎండుచేప, మాంసం, ‘వో’ చేతికిచ్చింది. వో అంటే మినప్పప్పు రుబ్బి పెనం మీద కాల్చిన అట్టు. చిల్లు లేని గారె, నూనెలో మునగనిది అనుకోండి. వాటితోపాటు ‘ఐలా’ అనే ఇంటి సారా. (పెదవులు తడిపి ఊరుకున్నా.) ఆఖర్న మట్టి ముంతలో జూజూ ధౌ, అంటే రాజు పెరుగు. గేదెపాలది, తియ్యగా, చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా ఉంది. పెరుగన్నం తినకుండా ఊరెళ్ళనివ్వని మా అమ్మమ్మే కళ్ళముందు కనపడింది.

ఈ తంతుని ‘సగన్’ అంటారు. ఇంకేం, సగన్, సాగన్, అంపు! కొత్త వ్యుత్పత్తి కనిపెట్టేశానని మా తెలుగు మాస్టారికి ఫోన్ కొట్టాను. ఆయన నవ్వి, “అది శకునంరా. హిందీ వాళ్ళ సగున్ కూడా అదే. మనది సాగన్ ప్లస్ అంపు. సాగిపోయేలా పంపడం” అన్నారు. గాలి తీసేశారు.

ఇక వీడ్కోలు సంగతి. వీడుకొనడం వెళ్ళేవాడి పని, వీడుకొలపడం ఉండిపోయేవాళ్ళ పని. ఇప్పుడు రెంటికీ ‘వీడ్కోలు’ ఒక్కటే వాడేస్తున్నాం. సాగనంపడంలో ఆ గందరగోళం లేదు. పైగా నాలుగడుగులు వెంట నడవడం కూడా అందులో ఉంది. ఆ పెద్దావిడ బస్సు దాకా వచ్చింది, నా సంచీ తనే మోస్తూ. కానీ పేపర్లవాళ్ళు ‘ఈ ప్రభుత్వాన్ని సాగనంపాలి’ అని రాసి రాసి ఆ మాటని గెంటెయ్యడం కింద మార్చేశారు.

మీ వైపు పొలిమేర దాకా వెళ్ళి పంపి రావడానికి వేరే మాటేదైనా ఉందా?