ఇరవై రెండు వేలు, నలభై మంది పిల్లలు: ఒక టెలిస్కోపా, నాలుగు బైనాక్యులర్లా?

నాగావళి మాస్టారు:
ఆమదాలవలస దగ్గర ఒక పల్లె ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పూర్వ విద్యార్థులు ఇరవై రెండు వేలు పోగుచేసి "పిల్లలకు ఆకాశం చూపించండి మాస్టారూ" అని చేతిలో పెట్టారు. తొమ్మిదో తరగతిలో నలభై మంది. మా ప్రధానోపాధ్యాయుడు టెలిస్కోపే కొనాలంటున్నారు. తనిఖీకి వచ్చినవాళ్లకు అద్దాల బీరువాలో కనబడుతుందట! నాకు మాత్రం ఆ డబ్బుతో 10×50 బైనాక్యులర్లు నాలుగు కొనాలని ఉంది. వాడినవాళ్లు చెప్పండి. "రెండూ కొనండి" అని మాత్రం అనకండి.

బారువ తీరం:
కళ్లు మూసుకుని బైనాక్యులర్లే కొనండి. నేను మొదట కొన్నది 76 మి.మీ. టెలిస్కోపు. పెట్టె మీద 525 రెట్లు అని రాసి ఉంది, లోపల గడగడలాడే మూడు కాళ్ల స్టాండు ఉంది. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెట్టింపు వరకే పెంపు పనికొస్తుంది. అంటే నా దానికి 150. ఆపైన కనిపించేది మసక మాత్రమే. అదిప్పుడు అటక మీద ఉంది. 10×50 అంటే పది రెట్లు, 50 మి.మీ. కటకం. చంద్రుడి మీద పెద్ద గుంటలు, కృత్తికల్లో కంటికి ఆనని చుక్కలు, ఆండ్రోమెడా గెలాక్సీ, అన్నీ దానిలోనే చూశాను. రెండు కళ్లతో చూసే సుఖం వేరు.

గంటస్తంభం:
అన్నా, మీకు చెత్త టెలిస్కోపు దొరికిందని టెలిస్కోపులన్నిటినీ అటకెక్కిస్తే ఎలా? పది రెట్లలో శని కోడిగుడ్డులా ఉంటాడు. వలయం విడిగా కనిపించాలంటే కనీసం పాతిక, ముప్పై రెట్లు కావాలి. నేను విజయనగరంలో ఎనిమిదో తరగతి చదువుతుండగా ఎవరో మేడ మీద శనిని చూపించారు. గొట్టం ముందు ఎవరో స్టిక్కరు అంటించారనుకుని వెళ్లి తడిమి చూశాను. ఆ దెబ్బ బైనాక్యులర్ కొట్టలేదు. పైగా మాస్టారూ, నలుగురు పిల్లలు నాలుగు దిక్కులకు ఎత్తి "కనిపించింది సార్" అంటే ఏది కనిపించిందో మీకెలా తెలుస్తుంది? టెలిస్కోపు అయితే మీరు గురిపెట్టిందే వాళ్లు చూస్తారు.

నాగావళి మాస్టారు:
ఈ చివరి మాట ఆలోచించాల్సిందే. నాకు తట్టలేదు.

రాత్రి కాపలా:
ఇద్దరూ వరుసలో నిలబడే పిల్లలను మరిచిపోయారు. భూమి తిరగడం వల్ల ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. నా దగ్గర ఆరంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ ఉంది, అంటే చెక్కపెట్టెలో కూర్చోబెట్టి చేత్తో తిప్పే టెలిస్కోపు. నాభ్యంతరం (అద్దం నుంచి వెలుగు ఒకచోట చేరే దూరం) 1200 మి.మీ. దాన్ని ఐపీస్ (కన్ను ఆనించే చిన్న కటకం) కొలతతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, కనిపించేది ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ మేర. 10 మి.మీ. పెడితే 120 రెట్లు, గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు రెండు నిమిషాలలోపే దాటిపోతుంది. పిల్లకు అరనిమిషం చొప్పున ముగ్గురు చూసేసరికి మళ్లీ సర్దాలి. నలభై మందికి పద్నాలుగు సార్లు. నడుము మీది.

ధ్రువ నక్షత్రం వైపు ఇరుసు వంచి పెడితే ఆకాశంతోపాటే తిరిగే మోటారున్న ఈక్వటోరియల్ స్టాండు కొంటే ఆ బాధ లేదని దుకాణంవాళ్లు చెబుతారు. కానీ మన అక్షాంశం 18 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం అంత ఎత్తులోనే ఉంటుంది, సగం ఊళ్లలో కొబ్బరి మట్టల వెనక దాక్కుంటుంది. యాభై డిగ్రీల అక్షాంశంలో హాయిగా తిరిగే చవక స్టాండును 18కి వంచితే ఎదురు బరువు పోయి స్టాండు కాలికి తగులుతుంది. నాది తగిలింది, అమ్మేశాను. డాబ్సన్ అనే ఆయన 1968 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దారినపోయేవాళ్లకు ఆకాశం చూపించేవారు. ఆయన వాడిన చెక్కపెట్టె పద్ధతే బడికి సరిపోతుంది. మీ ఇరవై రెండు వేలకు ఆరంగుళాలది రాదు, అదే చిక్కు.

పలాస జీడితోట:
ఏదీ కొనకండి. ముందు నెల రోజులు వట్టి కళ్లతో చూపించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక మా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అమావాస్య వెళ్లి రెండు మూడు రోజులే అయింది. కూలిన కొబ్బరిచెట్ల మధ్య కూర్చుని మా నాయనమ్మ పిల్లలకోడిని చూపించింది, అదే మీ కృత్తిక. ఇల్లు ఎగిరిపోయిన బాధలోనూ ఆ ఆకాశం గుర్తుండిపోయింది. (అలాంటి చీకటి మళ్లీ రాకూడదనే కోరుకుంటాను.)

బడిలో కంప్యూటర్ ఉంటుంది కదా. ఆకాశాన్ని తెర మీద చూపించే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి మే 15 రాత్రి తొమ్మిది అని పెట్టండి. దక్షిణాన దిగువన సదరన్ క్రాస్ అనే నక్షత్రరాశి నిలబడి ఉంటుంది. పది కావస్తుండగా ఒమేగా సెంటారి నక్షత్ర గుచ్ఛం 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఇంగ్లండువాళ్లకు ఆ రెండూ ఇంటి దగ్గర కనిపించవు. మనకు కళింగపట్నం ఒడ్డున నిలబడితే దక్షిణాన సముద్రమే, ఏ ఊరి దీపమూ అడ్డురాదు. భారతీయ తారా సంప్రదాయం ఎంచుకుంటే 27 నక్షత్రాలు చూపిస్తుంది. ఏ టెలిస్కోపుకు ఏ ఐపీస్ పెడితే ఎంత కనిపిస్తుందో కూడా అందులోనే ముందుగా చూసుకోవచ్చు. కొనే ముందు అది చూసి ఉంటే బారువ అన్న అటక ఖాళీగా ఉండేది.

గంటస్తంభం:
తెర మీద శని సినిమా శనే. నా స్టిక్కరు అనుమానం దానివల్ల రాదు.

బారువ తీరం:
జీడితోట గారి దెబ్బ బాగానే తగిలింది. ఒక్క మాట ఒప్పుకోవాలి, సముద్రపు గాలికి నా బైనాక్యులర్ కటకాలకు కూడా బూజు పట్టింది. ఏది కొన్నా మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, అద్దాల బీరువా వద్దు. ఇంకొకటి: ఐపీస్‌కు బిగించే చిన్న సూర్య ఫిల్టర్ పెట్టెలో వస్తే వెంటనే పారేయండి. వేడికి పగులుతుంది, కన్ను పోతుంది. సూర్యుడికైతే గొట్టం మూతిని మొత్తం కప్పే ఫిల్టరే ఉండాలి. అదిలేని రోజు అరసవల్లి వెళ్లి దండం పెట్టుకు రండి.

నాగావళి మాస్టారు:
తోటి మాస్టారి బైనాక్యులర్ అరువు తెచ్చి, వెదురు కర్రకు కట్టి, నిన్నా మొన్నా బడి మేడ మీద పదిమందికి గురుడిని చూపించాను. ముందు సెల్ టవర్ దీపం మీద గురి చూసి, తరువాత దానికి ఎంత పైన, ఎంత పక్కన అని చెబితే గంటస్తంభం గారి అనుమానం సగం తీరింది. కర్ర లేకుండా పట్టుకున్న వాళ్లకు గురుడు గీతలా వణికాడు. కర్రకు ఆనించాక ముగ్గురికి పక్కన చుక్కలు కనిపించాయి. ఒక అమ్మాయి మొన్న ఎడమ పక్క మూడు, కుడి పక్క ఒకటి అని నోటుపుస్తకంలో వేసింది. నిన్న రెండూ రెండూ అని వేసి "తప్పు వేశానా సార్" అని అడిగింది. ఉపగ్రహాలు తిరుగుతాయని ఇంకా చెప్పలేదు, ఇవాళ కూడా గీయమన్నాను.

బైనాక్యులర్లు మూడు కొని, మిగిలిన డబ్బుతో స్టాండ్లు చేయిద్దామని కాగితం రాశాను. ప్రధానోపాధ్యాయుడు ఇంకా సంతకం పెట్టలేదు, "మరి శని?" అంటున్నారు. రాత్రి కాపలా గారూ, మీ డాబ్సోనియన్ ఒక్క శనివారం ఇస్తారా? గొట్టం ఎంత పొడవు? పాసింజరు బస్సులో నిలబెట్టి తేవచ్చా, ఆటో మాట్లాడాలా?

రాత్రి కాపలా:
నాలుగు అడుగులు. ఆటోనే మాట్లాడండి. పెట్టెను నేను పట్టుకుంటాను, గొట్టాన్ని మీరు ఒళ్లో పెట్టుకోవాలి.