రాత్రిపూట ఆఫీసు ఫోన్ల బాధ పడలేక కొన్న కీప్యాడ్ ఫోనులో నెట్‌వర్క్ రావడం లేదు, దయచేసి సాయం చేయండి

రాయగడ బుకింగ్ గుమాస్తా:
సభ్యులందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను. ఎంతకీ దారి దొరకక ఇక్కడ రాస్తున్నాను. రాయగడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ చూస్తాను. జీతం పగటి పనికే ఇస్తారు గానీ, రాత్రి పదకొండు దాటాక కూడా వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు పెడుతూనే ఉంటారు, వాటికి జవాబు ఇవ్వకపోతే ఫోన్లు మొదలవుతాయి. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయా, ‘చూసి కూడా పలకలేదు’ అని పొద్దున్నే మాట పడాలి. మా అమ్మగారికి ఆరోగ్యం బాగుండటం లేదు, ఆవిడ గదిలోనే పడుకుంటాను కాబట్టి ఆవిడ నిద్ర కూడా చెడుతోంది. స్మార్ట్‌ఫోను బీరువాలో పెట్టేసి, మాట్లాడటానికి మాత్రమే పనికొచ్చే చిన్న ఫోను వాడాలని నిశ్చయించుకుని బజారులో ఒక కీప్యాడ్ ఫోను కొన్నాను. అందులో నా సిమ్ వేస్తే నెట్‌వర్క్ రావడం లేదు. సిమ్ తుడిచి పెట్టాను, బ్యాటరీ తీసి మళ్ళీ వేశాను, రెండో స్లాటులోకి మార్చాను, అయినా ఫలితం లేదు. అదే సిమ్ స్మార్ట్‌ఫోనులో చక్కగా పనిచేస్తోంది. షాపతను ఫోనులో లోపం లేదంటున్నాడు. తెలిసినవారు చెప్పండి.

గుణుపురం మొబైల్ రిపేరు:
ఏ కంపెనీ సిమ్? ఏ ఫోను? ఈ రెండూ రాయకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయుడు:
బాబూ, ఫోను సంగతి మరమ్మతు తెలిసినవారు చూస్తారు. పని వేళ దాటాక మిమ్మల్ని లేపే అధికారం మీ యజమానికి ఎక్కడి నుంచి వచ్చిందన్నది నన్ను బాధిస్తున్న ప్రశ్న. ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, యాభై మంది, ఆపైన పనివారున్న సంస్థలు పని వేళల తర్వాత వచ్చే ఫోన్లు, మెయిళ్ళ గురించి ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలని చట్టం ఉంది. పోర్చుగల్ 2021లో మరో అడుగు ముందుకు వేసి, అనివార్యమైన సందర్భాల్లో తప్ప విశ్రాంతి వేళ ఉద్యోగి జోలికి వెళ్ళకుండా ఉండటం యజమాని బాధ్యత అని శాసించింది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, సహేతుకమైన కారణం లేని ఫోనుకు ఉద్యోగి పలకకపోయినా తప్పు కాదు. చిన్న సంస్థలకు ఆ నియమం ఏడాది తర్వాత వర్తించింది. మన లోక్‌సభలో కూడా బారామతి సభ్యురాలు సుప్రియా సూలే 2018లోనే ఇటువంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, కాని అది చట్టం కాలేదు. చట్టం వచ్చేవరకు ఊరుకోవాలని నేను అనను. మీ ఆఫీసులో పనిచేసేవారందరూ కలిసి, రాత్రి ఎవరు ఏ రోజు పలకాలో వంతులు వేయమని ఒక అర్జీ రాసి ఇవ్వండి. ఒక్కరు అడిగితే మొండితనం అంటారు, నలుగురు అడిగితే వినక తప్పదు.

జయపురం మందుల ఏజెన్సీ:
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ దూరదేశాల చట్టాలు. రాయగడ లారీ ఆఫీసులో అవి చెల్లవు. ఫోను మార్చవలసిన పని కూడా లేదు. స్మార్ట్‌ఫోనులోనే ‘డోంట్ డిస్టర్బ్’ పెట్టి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఇంటివారి నంబర్లు మాత్రమే మోగేలా నక్షత్రం గుర్తు పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో ‘రీడ్ రిసీట్స్’ ఆపేస్తే నీలం టిక్కులు కూడా కనపడవు. చిన్న ఫోనుకు మారితే యూపీఐ పోతుంది, దానికేం చేస్తారు?

గుణుపురం మొబైల్ రిపేరు:
రీడ్ రిసీట్స్ ఆపినా గ్రూపులో ఎవరు చూశారో తెలిసిపోతుంది, ఆ సెట్టింగు గ్రూపులకు వర్తించదు. యూపీఐకి వస్తే, కీప్యాడ్ ఫోన్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ‘123పే’ ప్రారంభించింది. సిమ్ ఏ కంపెనీదో ఇంకా చెప్పలేదు.

రాయగడ బుకింగ్ గుమాస్తా:
సిమ్ జియోదే. ఇక్కడ ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే కాబట్టి ప్రత్యేకంగా రాయలేదు. ఫోను పెట్టె మీద ‘జీఎస్ఎం 900/1800, డ్యూయల్ సిమ్’ అని ఉంది. డోంట్ డిస్టర్బ్ పెట్టి చూశాను. ఫోను చేతిలో ఉన్నంతసేపు గ్రూపు తెరవకుండా ఉండటం నా వల్ల కావడం లేదు, అందుకే ఆ ఫోనే దగ్గర లేకుండా చేసుకోవాలని అనుకుంటున్నాను.

గుణుపురం మొబైల్ రిపేరు:
ఇప్పుడు విషయం తెలిసింది. జియో 2016లో సేవలు మొదలుపెట్టిన నాటి నుంచీ 2జీ, 3జీ నడపలేదు. మాట కూడా 4జీ మీద, వోల్టీ పద్ధతిలోనే వెళ్తుంది. మీ పెట్టె మీద ఉన్న అంకెలు 2జీ ఫోనువి. ఆ ఫోనుకు మీ సిమ్ వాడే సిగ్నల్ అసలు వినపడదు కాబట్టి ఎన్నిసార్లు తీసి పెట్టినా ఫలితం ఉండదు. మీకు రెండు దారులున్నాయి. మొదటిది, పెట్టె మీద 4జీ, వోల్టీ అని స్పష్టంగా ఉన్న కీప్యాడ్ ఫోను తీసుకోవడం. అయితే జియో భారత్ వంటి ఫోన్లలో జియో సిమ్ తప్ప మరొకటి పనిచేయదు, రెండో కంపెనీ సిమ్ కూడా వాడేవారు ఆ సంగతి అడిగి మరీ కొనాలి. రెండోది, ఇదే ఫోను ఉంచుకుని, నంబరును మీ వీధిలో 2జీ సిగ్నల్ బాగా వచ్చే కంపెనీకి మార్చుకోవడం. పోర్ట్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాసి, కాస్త ఖాళీ ఇచ్చి, మీ పది అంకెల నంబరు కొట్టి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. ఆ కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. ఇప్పుడున్న కంపెనీలో కనీసం తొంభై రోజులు నిండి ఉండాలి.

జయపురం మందుల ఏజెన్సీ:
4జీ ఉన్నది బేసిక్ ఫోను ఎలా అవుతుంది? వాటిలో ఇంటర్నెట్, వీడియోలు, కొన్నింటిలో వాట్సాప్ కూడా ఉంటాయి. ఆయన కోరింది మాట్లాడే ఫోను.

గుణుపురం మొబైల్ రిపేరు:
కౌంటరు దగ్గర నంబరు బటన్లు ఉన్న ప్రతిదాన్నీ జనం కీప్యాడ్ ఫోనే అంటారు, 2జీ అయినా 4జీ అయినా ఒకటే పేరు. ఆ పేరు నమ్ముకునే ఇటువంటి చిక్కుల్లో పడుతున్నారు. మీరన్న వాట్సాప్ కైఓఎస్ (కొన్ని కీప్యాడ్ ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న ఫోన్లలో 2018లో వచ్చింది, తర్వాత ఆ యాప్ వారే దానికి మద్దతు ఉపసంహరించారు. ఆయనకు ఆ భయం అక్కర్లేదు.

జయపురం మందుల ఏజెన్సీ:
పేరు తేలకుండా సలహా ఇస్తే మళ్ళీ తప్పు ఫోను కొంటారని నా అభిప్రాయం. సరే, ఇంకో మార్గం కూడా ఉంది. సిమ్ చిన్న ఫోనులో వేసి, స్మార్ట్‌ఫోనును ఆఫీసులోనే వైఫై మీద వదిలేసి, వాట్సాప్‌ను ఆఫీసు కంప్యూటర్లో తెరిచి ఉంచితే ఇంటికి ఏమీ రాదు. కావాలంటే రాత్రి ఫోన్లను *401* కోడ్‌తో ఆఫీసు కాపలావాడి నంబరుకు మళ్ళించవచ్చు.

బరంపురం పన్నుల సలహాదారు:
ఈ రెండు సలహాలూ జాగ్రత్తగా చూడవలసినవి. కోడ్ కొట్టి కాల్ మళ్ళించే సదుపాయాన్ని మోసగాళ్ళు దుర్వినియోగం చేస్తున్నందువల్ల 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపివేయాలని టెలికాం విభాగం కంపెనీలను ఆదేశించింది. అలాగే ఏ సిమ్‌తో ఖాతా తెరిచారో అది ఫోనులో లేకపోతే మెసేజింగ్ యాప్ పనిచేయకూడదని, కంప్యూటర్లో తెరిచినది ఆరు గంటలకొకసారి లాగౌట్ కావాలని 2025 నవంబరు 28న మరో ఆదేశం ఇచ్చింది. సిమ్ ఒకచోట, వాట్సాప్ మరోచోట అన్న ఏర్పాటు మీద భరోసా పెట్టుకోవద్దు.
నాకు అర్థం కాని విషయం ఒకటుంది. రాత్రి పదకొండు తర్వాత బుకింగ్ గుమాస్తాతో లారీ డ్రైవరుకు ఏం పని ఉంటుంది? అది చెబితే అసలు ఆ ఫోను రాకుండానే చేయవచ్చునేమో.

రాయగడ బుకింగ్ గుమాస్తా:
ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ప్రభుత్వ సైటులో తీసే పత్రం) పని. సుంకి ఘాటీలో లారీ ఆగిపోతే సరుకు వేరే బండికి ఎక్కిస్తారు, అప్పుడు బిల్లులో బండి నంబరు మార్చాలి. రాత్రి గుమాస్తా సైటు తెరుస్తాడు గానీ ఓటీపీ నా నంబరుకే వస్తుంది. గడువు అర్ధరాత్రితో తీరిపోయే బిల్లులకు కూడా అంతే.

బరంపురం పన్నుల సలహాదారు:
మొదటి పోస్టులోనే రాయవలసిన సంగతి ఇది. ఆ సైటులో లాగిన్‌కు ఓటీపీ 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ తప్పనిసరి అయింది. మీ ఆఫీసువారందరూ ఒకే లాగిన్ వాడుతున్నారు, ఆ లాగిన్‌కు మీ నంబరు ఇచ్చారు, అందుకే అందరూ మిమ్మల్ని లేపుతున్నారు. మీ యజమాని ప్రధాన ఖాతాలోకి వెళ్ళి రాత్రి గుమాస్తా పేరున సబ్ యూజర్‌ను, అంటే అదే ఖాతా కింద వేరే లాగిన్‌ను, సృష్టించి, అతని మొబైల్ నంబరే నమోదు చేస్తే ఓటీపీ అతనికే వెళ్తుంది. ఎవరి అనుమతి కోసమూ ఎక్కడికీ తిరగనక్కర్లేదు, ఆఫీసులో కూర్చుని చేసుకునే పని ఇది.
గడువు సంగతికి వస్తే, మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు, అది అర్ధరాత్రి ముగుస్తుంది. పొడిగింపు మాత్రం గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల వరకు చేయవచ్చు. అంటే సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు ఉదయం ఎనిమిది దాకా సమయం ఉంది. మీరు ఆఫీసు నుంచి బయలుదేరే ముందే ఆ రాత్రి గడువు తీరే బిల్లులన్నీ చూసి, దారిలో ఆగిన బండ్లవి పొడిగించండి. గడువు తీరిన బిల్లుతో బండి కదిలితే దారిలో పట్టుకుని జరిమానా వేస్తారు కాబట్టి డ్రైవర్లు కంగారుపడటంలో న్యాయం ఉంది, వారిని తప్పు పట్టలేము.

పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయుడు:
చాలా మంచి మాట చెప్పారు. కాని రాత్రి గుమాస్తా కూడా మనిషే కదా. అతనికి రాత్రి జీతం ఇస్తున్నారా, లేక పగలంతా చేయించి రాత్రికి కూడా ఉంచుతున్నారా? ఓటీపీ బరువు మీ మీది నుంచి తీసి అతని మీద పెట్టే ముందు, వంతుల విషయం రాతపూర్వకంగా తేల్చుకోండి.

జయపురం మందుల ఏజెన్సీ:
మాస్టారూ, ఆయన నెట్‌వర్క్ గురించి అడిగారు.

పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయుడు:
నెట్‌వర్క్ గురించి అడిగింది నిద్ర కోసమే.

రాయగడ బుకింగ్ గుమాస్తా:
ఫోను మార్చి 4జీది ఇవ్వడానికి షాపతను ఒప్పుకున్నాడు, పైన కొంత కట్టాలి. సబ్ యూజర్ సంగతి సోమవారం మా యజమానితో మాట్లాడతాను. అందరికీ ధన్యవాదాలు.

గుణుపురం మొబైల్ రిపేరు:
డబ్బు కట్టే ముందు షాపులోనే మీ సిమ్ వేసి ఒక కాల్ చేసి చూసుకోండి.

పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయుడు:
అర్జీ తెలుగులో గాని ఒడియాలో గాని రాయవలసి వస్తే ముసాయిదా నేను రాసి పెడతాను. మీ ఆఫీసులో ఎంతమంది ఉన్నారో చెప్పండి.