ఫౌజీ పిల్లలకు ఇంటి చదువు: పాపను బడి మాన్పించాలా, వద్దా?

కావలి అమ్మ:
మా ఆయన ఆర్మీలో హవల్దార్. పాపకు పదేళ్లు, ఐదో తరగతికే నాలుగు బళ్లు మారింది. ఇప్పుడు ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్. ఫ్యామిలీని తీసుకుపోయేదానికి లేదు, అందుకని కావలిలో అత్తగారింటికి వచ్చేశాం. ఇక్కడ ఒక ప్రైవేటు బడికి పోతే, తెలుగు రాయడం రాదు కాబట్టి నాలుగులో కూర్చోబెడతామన్నారు. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చిన పిల్ల! నెల్లూరు కేవీకి (కేంద్రీయ విద్యాలయానికి) పంపాలంటే రానూ పోనూ రోజుకు 100 కిలోమీటర్లు. రెండేళ్లకు మళ్లీ ఫ్యామిలీతో ఉండగలిగే ఏ పీస్ స్టేషనో వస్తే మళ్లీ బడి మార్పే. నేను బీఎస్సీ చదివాను. ఇంట్లోనే చెప్పుకుని, 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో, పది రాయిద్దామని ఉంది. ఆయన సరే అన్నాడు. మామగారు మాత్రం బడికి పోని పిల్లని చూసి ఊళ్లో ఏమనుకుంటారు అంటున్నారు. మీరేమంటారు?

రిటైర్డ్ సుబేదార్, ఒంగోలు:
వద్దమ్మా. గుర్తింపు ఉన్న బడి నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ లేకపోతే చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ రాదు. 2024 జనవరి నుంచి అది నెలకు 2,812 రూపాయల 50 పైసలు. సరే, డబ్బు సంగతి పక్కన పెట్టు. బదిలీ అయిన ప్రతిసారీ మావాడు పదిహేను రోజులు ఏడ్చేవాడు. పదహారో రోజు ఎవడో ఒకడు వచ్చి ఆటకు పిలిచేవాడు. ఇంట్లో కూర్చోబెడితే ఆ పిలిచేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? నాన్న ఎట్టాగూ దగ్గర లేడు. తోటి పిల్లలు కూడా లేకపోతే పొద్దస్తమానం ఆ బిడ్డ చూసేది నీ ముఖం, ఆ ముఖంలో దిగులు.

ఇద్దరు పిల్లల తల్లి, నెల్లూరు:
సుబేదార్ గారూ, మీ చివరి మాట నిజం. అయినా నేను రెండేళ్లు ఇంట్లో చెప్పాను, చెప్పి మంచి పనే చేశాననుకుంటున్నాను. ఎందుకంటే మావాడు మూడు ఊళ్లలో భిన్నాలు మూడుసార్లు చదివాడు, పెద్ద భాగహారం ఒక్కసారి కూడా చదవలేదు. ఒక బడిలో అది అయిపోయింది, ఇంకో బడిలో ఇంకా రాలేదు. కేవీలు ఏప్రిల్‌లో మొదలుపెడతాయి, మన బళ్లు జూన్‌లో. మధ్యలో పడిపోయిన పాఠం గురించి అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఎవరి సిలబస్ వాళ్లది.

పొద్దున ఎనిమిదింటి నుంచి పదకొండున్నర దాకా చదువు, అంతే. ఒకటిన్నర నెలలో ఆ భాగహారం గుంట పూడింది. సోమశిల నీళ్లు ఎక్కడికి పోతాయో పటం గీసుకున్నాం, తర్వాత డ్యామ్ దగ్గరికి తీసుకుపోయాను. వాడు పుస్తకం మీద ప్రేమ పెంచుకున్నది అప్పుడే.

కష్టం ఎక్కడంటే, మా ఆయన ఫోను రాని రోజు నాకు పాఠం సాగేది కాదు. ఒకరోజు వాడే అన్నాడు, "అమ్మా, అదే పేజీ మూడుసార్లు చదివావు" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మరుసటి వారమే మా వీధిలో రిటైరైన టీచరమ్మ దగ్గర సాయంత్రం కూర్చోబెట్టాను, ఎదురుగా ఉన్న గ్రౌండులో క్రికెట్‌కు పంపాను. ఒక్కదాన్నే అన్నీ చేయాలనుకోవద్దు చెల్లీ.

జడ్పీ హైస్కూల్ తెలుగు మాస్టారు, ప్రకాశం జిల్లా:
అమ్మా, ముందు ఆ నాలుగో తరగతికి ఒప్పుకోకండి. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన దానికి విడిగా శిక్షణ ఇవ్వాలన్నది విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ఆలోచన. టీసీ రావడం ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లు చేర్చుకోకుండా ఉండటానికి కూడా వీల్లేదు, అది 5వ సెక్షన్. ఇంటి చదువు విషయానికొస్తే, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ అంటుంది, చేర్చకపోతే శిక్ష మాత్రం రాయలేదు.

తెలుగు గురించి భయం వద్దు. నోట్లో ఉన్న భాష చేతికి రావడానికి ఒక్క ఏడాది చాలు. ఒత్తులు, గుణింతాలు రోజూ అరగంట రాయించండి. నేను భయపడేది తొమ్మిదో తరగతి నుంచి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే ఈఏపీసెట్‌లో (ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్షలో) అక్కడి లోకల్, ఎక్కువ సీట్లు లోకల్ వాళ్లకే. మీ నెల్లూరు ఎస్వీయూ (తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీ) పరిధి, మా ప్రకాశం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) పరిధి. సైనికుల పిల్లల కోటా వేరుగా ఉంది గానీ సీట్లు తక్కువ. ఇప్పుడు ఏ దారి పట్టినా ఆ నాలుగేళ్లు మాత్రం ఒకచోట ఉండేట్టు చూసుకోండి.

రిటైర్డ్ సుబేదార్, ఒంగోలు:
తరగతి తగ్గించకూడదన్న సంగతి నాకు తెలియదు మాస్టారూ. మావాణ్ని కూడా ఒకసారి కిందికి దించారు, నోరు మూసుకుని ఒప్పుకున్నాను. నెల్లూరు అమ్మ చెప్పిన పద్ధతి రెండేళ్లకైతే సరే. పది దాకా అంటే మాత్రం నా మాట అదే, వద్దు.

కావలి అమ్మ:
అందరికీ దండాలు. రేపు మామగారిని వెంటబెట్టుకుని మా వీధి చివర మండల బడికి పోతున్నా. ఐదులోనే కూర్చోబెడతామంటే చేరుస్తా. ఒప్పుకోకపోతే జూన్ దాకా ఇంట్లోనే చెప్తా, పద్నాలుగేళ్ల దాకా అన్న మాట వదిలేశాను. నెల్లూరు అక్కా, మీవాడికి భాగహారం ఎక్కడి నుంచి మొదలుపెట్టారు?