పద్యాలు బాగున్నాయి, మరి నాటకం?

తెరవెనక (విజయనగరం)

బొబ్బిలి యుద్ధం మీద రెండు గంటల సంగీత నాటకం. 11 రంగాలు, 28 పద్యాలు, 6 పాటలు, ఆఖర్న తప్పెటగుళ్ల దరువు మీద ఒక బృందగానం. బాణీలు కుదిరాయి, గొంతులూ ఉన్నాయి. రాతప్రతి చదివినవాళ్లలో సగం మంది ‘రాత, అంటే కథా మాటలూ, పలచగా ఉంది, ముందు దాని సంగతి చూడండి’ అంటున్నారు. మిగతా సగం ‘పద్యనాటకంలో రాత ఎవడిక్కావాలి, కాంభోజి రాగం పలికితే చాలు’ అంటున్నారు. రెండోవారి మాటను కొట్టిపారెయ్యడానికి లేదు. మన వైపు దానికి సాక్ష్యం బోలెడుంది. అందుకే అడుగుతున్నాను: రాత బలహీనమైతే పాటలు నాటకాన్ని మోయగలవా?

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

ఇందల ఇంత ఆలోసించడానికి ఏటుందండి? జనం పద్దెం కోసం ఒస్తారు. రాయబారం కత ఎవులికి తెల్దు? కృష్ణుడు సంధికెల్తాడు, దుర్యోధనుడు ఒప్పుకోడు. అది తెలిసే తెల్లార్లూ కూకునీవోరు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగీవోరు. ఒకలు ఒక ఊరి నుంచి, ఇంకొకలు ఇంకో ఊరి నుంచి. కలిసి రిహార్సలు సేసింది నేదు. మొకం మారిపోనా ‘పాత్ర సెడిపోనాది’ అని ఎవులూ అన్లేదు, వన్స్‌మోర్లు కొట్టినారు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి సూడ్డానికెల్లినోలు రాత సూడ్డానికెల్లినారేటి?

ఇంకోటి. హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి వారిది. కాటిసీన్లో పాడీవి జాషువా గారి ‘స్మశానవాటి’ పద్దేలు. బైటినుంచి తెచ్చి అతికించినవే జనం నోట్లో ఉండిపోనాయి. రాతే గొప్పదైతే ఆ అతుకు ఎప్పుడో ఊడిపోవాల కదా?

హార్మోనియం (విజయనగరం)

గట్టుగారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. కాకపోతే అన్నీ మీ మీదే సాక్ష్యం చెబుతున్నాయి.

ముందు ముగ్గురు కృష్ణుల సంగతి. ఒకరి మొహం ఒకరు చూడకుండా వచ్చినవాళ్లు వేదిక మీద కలిసి ఎలా ఆడగలిగారు? తిరుపతి వేంకట కవులు అవధానులు, సభలో ప్రశ్నకు జవాబు ఇచ్చి ఇచ్చి పండినవాళ్లు. వాళ్ల రాయబారంలో పద్యమంటే వాదన. ఒకరి పద్యం ముగిసిన చోటే అవతలివాడి పద్యానికి పట్టు దొరుకుతుంది. కృష్ణుడు మారినా వాదన మారదు. రిహార్సల్ లేకుండా నిలిచిందంటే రాత అంత గట్టిదన్నమాట.

కాటిసీను కూడా అంతే. అక్కడికి వచ్చేసరికి రాజ్యం పోయింది, ఆలూబిడ్డల్ని అమ్ముకున్నాడు, కాటికాపరి అయ్యాడు. రాత్రంతా శవాలకు కాపలా. చావు గురించి తీరుబడిగా తలపోయడానికి అంతకన్నా తగిన మనిషి, తగిన చోటు ఎక్కడ దొరుకుతాయి? ఆ చోటు చేసిపెట్టింది నాటకకర్త. అవే పద్యాలు తీసుకెళ్లి దర్బారు రంగంలో పెట్టండి, ఈల వెయ్యడం మాట అటుంచి జనం టీకి లేస్తారు.

ఇక తెరవెనక గారి లెక్క. మామూలు వృత్తం ఆలాపనతో కలిపి రెండున్నర నిమిషాలు. సీసమైతే కింది గీతంతో సహా నాలుగు. సగటున రెండున్నరే వేసుకున్నా 28 పద్యాలకు 70 నిమిషాలు. ఆరు పాటలు 24. బృందగానం 4. మొత్తం 98. 120లోంచి తీసేస్తే 22 నిమిషాలు, అంటే రంగానికి రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఎవరు ఎవరికేమవుతారో, ఎందుకొచ్చారో, ఏం కావాలో చెప్పాలి. పైగా మూడు వన్స్‌మోర్లు పడితే ఏడు నిమిషాలు ఎగిరిపోతాయి. అప్పుడు వేదిక మీద ఏది కోస్తారు? పద్యం కోస్తే గాయకుడు ఊరుకోడు, జనమూ ఊరుకోరు. వచనమే కోస్తారు. పలచగా ఉన్నది నీళ్లయిపోతుంది. నన్నడిగితే 28ని 18కి దించండి. పాతిక నిమిషాలు చేతికొస్తాయి.

బొబ్బిలివీణ (బొబ్బిలి)

పద్యాలు తగ్గించినా ఈ కథలో ఇంకో గుంట ఉంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజుల సేనలు పడ్డప్పుడు తాండ్ర పాపారాయుడు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. అతను వచ్చేసరికి బొబ్బిలి రాజు రంగారావు లేడు, రాణి మల్లమ్మదేవి లేదు. ఆ తర్వాతే డేరాలో విజయరామరాజును చంపడం. జనం ఎవరి కోసం వస్తారో ఆ మనిషే అసలు యుద్ధంలో ఉండడు. అతనొచ్చాక అతనితో మాట్లాడ్డానికి ఎవరూ మిగలరు. దాంతో రెండో సగమంతా ఒంటరి పద్యాలు: ముఖారి రాగంలో ఏడుపు, అఠాణా రాగంలో శపథం, మళ్లీ ఏడుపు. ఎంత బాగా పాడినా మూడో పద్యానికి గొంతు మీద ఉన్న చూపు వాచీ మీదికి పోతుంది.

బుర్రకథలో ఈ చిక్కు రాదు. కథకుడు ‘అక్కడ రాజాంలో’ అని ఒక్క అంగలో దాటేస్తాడు. నాటకానికి ఆ వెసులుబాటు లేదు, మనిషి నడిచి రావాలి. కాబట్టి మొదటి సగం నుంచే రాజాం రంగాల్ని కోట రంగాల మధ్య పేనాలి. కోటలో ఒక దారి మూసుకుపోయిన ప్రతిసారీ రాజాంలో అతనికి ఏమీ తెలియకపోవడం కనబడాలి. అప్పుడు అతని మామూలు మాట కూడా బరువెక్కుతుంది. మల్లమ్మకు దుఃఖపద్యం కాదు, తోడబుట్టిన పాపారాయుడికి పంపే కబురే పద్యంగా ఇవ్వండి. ఆ పద్యం అందుతుందా లేదా అన్నదే కథ.

అన్నట్టు, దీన్ని విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో ఆడదామనుకుంటే విజయరామరాజును మీసాలు మెలేసే దుర్మార్గుడిగా మాత్రం రాయకండి. ఊరివాళ్ల మాట సరే, అది రాతకే చేటు. సరిహద్దు తగవు, నీటి తగవు అతని వైపు నుంచి ఒక్క రంగంలోనైనా న్యాయంగా వినబడాలి. ఎదటివాడికి వాదనే లేకపోతే రంగారావు పద్యానికి బదులు ఎవరివ్వాలి?

గంటస్తంభం (విజయనగరం)

ఇది మన పద్యనాటకాల గొడవే కాదు. అమెరికా సంగీత నాటకాల్లో పాటల మధ్య ఉండే కథ, సంభాషణలకు విడిగా రచయిత ఉంటారు. 1956లో లెనార్డ్ బెర్న్‌స్టయిన్ ‘కాండీడ్’ ఇలాగే దెబ్బతింది. సంగీతం గొప్పదని ఒప్పుకుంటూనే లిలియన్ హెల్మన్ రాసిన కథాభాగం బరువెక్కిందన్నారు. 73 ప్రదర్శనలతో ఆగిపోయింది. దాని తొలిసంగీతం (ఓవర్చర్) మాత్రం కచేరీల్లో బతికింది. హ్యూ వీలర్ కొత్తగా రాసిన కథాభాగంతో 1974లో బ్రాడ్‌వేకి తిరిగొస్తే 740 ప్రదర్శనలు. సంగీతకర్త అతనే, రాత మారింది.

తెరవెనక

మారింది రాత ఒక్కటేనా? ఆ రెండోసారి దర్శకుడు హెరాల్డ్ ప్రిన్స్ ప్రేక్షకుల మధ్యలోనే వేదికలు వేయించాడు, పాటలు కొన్ని తీసేశారు. అన్నీ మార్చి ఫలితం రాతకు కట్టబెడితే ఎలా?

గంటస్తంభం

సరే, ఒప్పుకుంటాను. రాత మారడం వల్లే ఆడిందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ 1956లో సంగీతం ఒక్కటీ నాటకాన్ని మోయలేదన్నది అలాగే ఉంది కదా. మీ ప్రశ్న అదేగా.

నాగావళిగట్టు

మోయనేదు, సరే. మరి రాత ఎక్కువైతే? అదీ సెప్పండి. ఇప్పుడు కొత్తగా రాసీవోలు వచనం కూడా సమాసాలతో నింపీసి, పద్దేనికి ముందల అర పేజీ ఉపన్యాసం పెడతన్నారు. ఎనక వరసలో కూకున్న ముసిలాయనకి అర్దం కావాలి కదా! గురజాడ వారి ఊర్లో ఉండి ఇది నాను సెప్పాలా?

హార్మోనియం

ఈ మాట నూటికి నూరు పాళ్లు. నేను అనే రాత పొడుగు కాదు, బిగువు. వచనం పద్యాన్ని చెడగొట్టే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి, పద్యం చెప్పబోయే సంగతిని ముందే వచనంలో చెప్పేయడం. ‘నా గుండె మండిపోతోంది’ అన్నాక గుండె మంట మీద సీసం ఎత్తుకుంటే వినేదేముంది? ముందు మాట ఎప్పుడూ ఎదటివాడిదై ఉండాలి. వాడు పొడవాలి, వీడు పద్యంతో లేవాలి. రెండోది ఇంకా పాడు అలవాటు: పద్యం అయ్యాక ‘అనగా మహారాజా’ అని టీకా చెప్పడం. పద్యం అర్థం కాలేదని రచయితే ఒప్పుకున్నట్టు.

పాడేవాడి ఎదట నిలబడ్డవాడి సంగతి చాలామంది రాతలోకే తీసుకోరు. వన్స్‌మోర్‌తో కలిపి అయిదు నిమిషాలు ఆ మనిషి కిరీటం సర్దుకుంటూ నిలబడాలి. వాడికి పని పెట్టండి. కబురు తెచ్చిన వేగువాడైతే లేఖ చేతిలోనే ఉండనివ్వండి, పద్యం అయ్యేదాకా ఇవ్వడానికి జంకనివ్వండి. కళ్లు ఆ లేఖ మీద ఉంటే పద్యం ఎంత సాగినా బరువనిపించదు.

శ్రుతి చూసుకుని రాయాలి. రంగారావు రెండున్నర (కింది) శ్రుతిలో, మల్లమ్మ అయిదున్నర (పై) శ్రుతిలో పాడితే వాళ్లిద్దరికీ యుగళగీతం రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఒకరు గొంతు చించుకోవాలి, లేదా ఇంకొకరు గొణగాలి. చరణాలు విడివిడిగా పంచి, మధ్యలో రెండు మాటల వచనం పెడితే ఆ సందులో శ్రుతి మార్చుకోవచ్చు.

బొబ్బిలివీణ

పరీక్ష కావాలంటే ఒకటి చెయ్యండి. రాతప్రతిలో పద్యాలు, పాటలు అన్నిటి మీదా కాగితం అంటించి వచనం మాత్రం గట్టిగా చదివించండి. కథ ఎక్కడా తెగకుండా సాగిపోయిందంటే సంతోషించకండి. పద్యాలు లేకపోయినా నష్టం లేదని తేలింది, అవి నగలు. తెగిన చోటల్లా గుర్తు పెట్టుకోండి. అక్కడ కాగితం తీసి చూస్తే పద్యం పని చేస్తుండాలి: ఒక నిర్ణయమో, ఒక అబద్ధమో, ఒక బేరమో. పని చెయ్యనిది ఎంత మంచి పద్యమైనా కోతకు మొదట అదే.

మీ విజయనగరంలో పుట్టిన నాటకానికే రాత ఒక్కసారితో అవలేదు. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో మళ్లీ రాసి అచ్చువేశారు. ఆడాక తిరగరాయడం తప్పేం కాదు.

తెరవెనక

కాగితం అంటించి చూశాం. 28లో 11 పద్యాల దగ్గర తెగింది. మిగతా 17 తీసినా కథ చెక్కుచెదరలేదు. వాటిలో ఏడింటిని పని చేసేలా తిరగరాయొచ్చు, పదింటికి సెలవు. రాజాం రంగాలు మూడు మొదటి సగంలోకి వచ్చాయి. ఒక్క చిక్కు మిగిలింది: కోట పడిపోయిన రంగం నుంచి డేరా రంగానికి తెర మార్చాలి, పాపారాయుడికి కవచం తీసి మసిబట్టలు వెయ్యాలి. నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో తెర ముందు నడిపే సీనులో ఒక శోకపద్యం పెడదామా?

నాగావళిగట్టు

వొద్దండి. అక్కడ పద్దెం పెట్టకండి. డేరా కాడ కాపలావోలు ఇద్దర్ని తెచ్చి కూకోబెట్టండి. ఒకడికి నిద్దరొస్తాది, ఇంకోడికి బయ్యేస్తాది. కోటలో ఏటయిందో ఆలిద్దరి మాటల్లోనే జనానికి తెలవాల. నాలుగు నిమసాలకి ఒకటిన్నర పేజీ సాలు. ఎనక తెర ఎత్తీ సప్పుడు జనానికి ఇనబడకుండా ఒకడి సేత కర్రతో నేల మీద కొట్టించండి, కాపలావోడు కొట్టినట్టే ఉంటాది.