పెద్ద చెయ్యి ఉంటేనే గొప్ప పియానిస్టా? ఆ చేతుల్లో మెచ్చుకోవాల్సింది ఏది?

మంద్రస్థాయి (చర్చ మొదలు)

రష్యన్ స్వరకర్త, పియానిస్టు రఖ్మానినోవ్ మాట రాగానే అందరూ చేతుల దగ్గరే ఆగిపోతారు. పన్నెండు తెల్ల మీటలు ఒకే పట్టులో అందేవి కాబట్టే అలా రాశారు, అలా వాయించారు అంటారు. ఈ మెప్పు పడాల్సిన చోట పడటం లేదని నా వాదన.

మాస్కోలో జ్వెరెవ్ అనే గురువు దగ్గర ఆయనతో పాటే నేర్చుకున్న స్క్రియాబిన్ చెయ్యి చిన్నది. ఆక్టేవ్ (సా నుంచి పై సా దాకా) దాటితే కష్టమే. 1892లో ఇద్దరూ కన్సర్వేటరీ (సంగీత కళాశాల) నుంచి బంగారు పతకాలతోనే బయటికొచ్చారు. 1909లో రఖ్మానినోవ్ తన మూడో కన్చర్టోని (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే కృతి) అంకితమిచ్చింది పియానిస్టు యోసెఫ్ హాఫ్‌మన్‌కి; ఆయనవీ చిన్న చేతులే. ఐదడుగులు కూడా లేని అలీసియా దె లరోచా అదే కన్చర్టోని రికార్డు చేశారు. ఆల్బెనిజ్ రాసిన ఇబేరియా అనే పియానో కృతికైతే ఆమె వాయించిన తీరే ఇప్పటికీ చాలామందికి కొలమానం.

మరి చేతిని చూసి ముచ్చటపడేటప్పుడు మనం చూడాల్సింది జాన కాదు కదా?

జానెడు_లెక్క

కాదని అంత తేలిగ్గా అనలేం. లెక్క వేద్దాం. ఇప్పటి పియానోలో ఒక ఆక్టేవ్ (ఏడు తెల్ల మీటల వెడల్పు) 16.5 సెంటీమీటర్లు, అంటే ఒక్కో తెల్ల మీట 23.5 మిల్లీమీటర్ల వెడల్పు. పది మీటల పట్టుకి మొదటి మీట నడుమ నుంచి చివరి మీట నడుమకి 21 సెంటీమీటర్లు దాటుతుంది. పన్నెండుకైతే దాదాపు 26. ఆస్ట్రేలియాలో 2015లో వెలువడిన కొలతల ప్రకారం వయోజన పియానిస్టుల జాన సగటున మగవాళ్ళకి 22.5 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 20 దగ్గర ఉంది. ఒకరికి హాయిగా అందేది ఇంకొకరికి చెయ్యి చివరంటా సాగితే గానీ అందదు.

చెయ్యి పూర్తిగా విచ్చుకున్నప్పుడు ఏమవుతుందో గమనించండి. మణికట్టు పక్కలకి కదలదు. నడిమి వేళ్ళు చదునై బిగుస్తాయి. బొటనవేలి మొదట్లో కండరం ఒక్క క్షణం కూడా వదులు కాదు. ఇలా రెండు పేజీలు ఆక్టేవులు వాయిస్తే నొప్పి రాక మానదు. దె లరోచా పేరు చెప్పి ‘చూశారా, సాధ్యమే’ అనడం న్యాయం కాదు. అదే కొలత చేతులతో మధ్యలో గాయపడి మానేసినవాళ్ళ పేర్లు మనకి తెలియవు.

ఇంకొకటి. మీరు చెప్పిన హాఫ్‌మన్ ఉదాహరణ నా వైపే వస్తుంది. స్టైన్‌వే అనే పియానో కంపెనీ ఆయన కోసం ఇరుకు మీటల పియానో చేసిచ్చింది. అంతటి వాడికీ అది కావాల్సి వచ్చింది.

సుత్తి_తీగ

ఇద్దరూ వెడల్పు గురించే మాట్లాడుతున్నారు. లోతు కూడా చూడండి. మీట కిందికి దిగేది సుమారు 10 మిల్లీమీటర్లు. దాన్ని కదిలించడానికి 50 గ్రాముల బరువు చాలు. మీట ఇంకా అడుగుని తాకకముందే లోపలి యంత్రం సుత్తిని వదిలేస్తుంది. తీగ దగ్గరి చివరి రెండు మిల్లీమీటర్లూ సుత్తి తన వేగంతోనే వెళ్తుంది. ఆ తర్వాత మీటని ఎంత నొక్కినా ఆ స్వరం మారదు.

అంటే గొప్ప చేతిలో అసలు పనితనం మీట అడుగు తాకిన తరువాతి క్షణంలో ఉంది. ఆ క్షణంలోనే చెయ్యి వదులవుతుంది. నేర్చుకునేవాళ్ళ చెయ్యి అక్కడ వదులు కాదు, నొక్కుతూనే ఉంటుంది. ఫోర్టే (గట్టిగా వాయించాల్సిన చోటు) పెద్దగా రావాలని ఇంకా గట్టిగా నొక్కితే, తర్వాతి మీటకి చెయ్యి ఆలస్యంగా చేరుతుంది, శబ్దం కరుకవుతుంది.

పరీక్ష చాలా సులువు. ఒక కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) మీటి, మీటలు పైకి రాకుండా అలాగే ఉంచండి. ఇప్పుడు మణికట్టుని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. స్వరం ఆగకుండా మణికట్టు ఆడితే చెయ్యి సరిగ్గా ఉన్నట్టు. ఇంకో చేత్తో ముంజేయి కింది వైపు తాకి చూస్తే కండరం మెత్తగా ఉండాలి. మీటని మీటడానికి కావాల్సిన దానికన్నా పట్టి ఉంచడానికి చాలా తక్కువ బలం చాలు. అంతకు మించింది వృథా.

ఉంగరపు_వేలు

సుత్తి_తీగ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. వీడియోలతో వచ్చిన ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. కెమెరా వేళ్ళ మీదే ఉంటుంది, కానీ వేళ్ళని వంచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. వేళ్ళలోకి వచ్చేవి స్నాయువులు మాత్రమే. పైగా నడిమి, ఉంగరపు, చిటికెన వేళ్ళ స్నాయువులు చేతి వెనుక వైపు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అందుకే మిగతా వేళ్ళు మీటల మీద ఉంచి ఉంగరపు వేలిని ఎత్తబోతే కొంచెమే లేస్తుంది. అది బలహీనత కాదు, నిర్మాణం. ‘వేళ్ళని ఒక్కొక్కటిగా ఎత్తుగా లేపి కొట్టు’ అనే పాత సాధన దీనికి ఎదురెళ్తుంది.

స్వరకర్త షోపాన్ ఈ తేడాని ఒప్పుకునే బోధించారు. ఈ, ఎఫ్ షార్ప్, జీ షార్ప్, ఏ షార్ప్, బీ అనే మీటల మీద అయిదు వేళ్ళూ ఉంచమనేవారు: పొడుగు వేళ్ళు నల్ల మీటల మీద, పొట్టివి తెల్లవాటి మీద. స్కేళ్ళలో (స్వరాలని వరుసగా వాయించే సాధన) ముందు నల్ల మీటలు ఎక్కువగా వచ్చే బీ మేజర్. అన్నీ తెల్ల మీటలే కావడంతో అందరూ సులువనుకునే సీ మేజర్ అన్నిటికన్నా చివర.

ఆయన ఓపస్ 10 సంపుటిలో రెండో ఎట్యూడ్ (సాధన కోసం రాసిన కృతి) చూడండి. కుడిచేతి మూడు, నాలుగు, అయిదు వేళ్ళు పరుగు తీస్తుంటే మొదటి రెండు వేళ్ళూ కింద కార్డ్ పలికించాలి. ఇందులో జాన అవసరం ఇంచుమించు లేదు, అయినా పెద్ద చేతులున్నవాళ్ళు కూడా ఇక్కడ అలిసిపోతారు. కింది కార్డ్‌ని పట్టి ఉంచడమే ఇందుకు కారణం. అది చాలా పొట్టి స్వరం, తాకి వదిలేయాలి. సాధనలో ముందు పై వరుస ఒక్కటే, మెల్లగా, మోచేయి చేతితో పాటు పక్కకి సాగేలా. తర్వాత కార్డ్ కలపాలి. కలపగానే పై వరుస తడబడితే బొటనవేలు మీటని వదల్లేదని అర్థం.

మంద్రస్థాయి

జానెడు_లెక్క గారూ, హాఫ్‌మన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అందని కార్డ్‌కి మార్గం ఉంది. రఖ్మానినోవ్ రెండో కన్చర్టో మొదట్లోని కార్డ్స్‌లో ఎడమ చేతికి పది మీటల పట్టు వస్తుంది. చాలామంది దాన్ని విడగొట్టే వాయిస్తారు. అడుగు స్వరాన్ని (కార్డ్‌లో అన్నిటికన్నా కిందిది) చిటికెనవేలితో తాళానికి ఒక్క పిసరు ముందు మీటాలి. అదే క్షణంలో పాత పెడల్ (వేలు తీసినా స్వరాన్ని మోగిస్తూ ఉంచే కాలి మీట) వదిలి, చిటికెనవేలు ఇంకా మీట మీద ఉండగానే మళ్ళీ తొక్కాలి. ఆ తర్వాత చెయ్యి సాగదు, మొత్తంగా పక్కకి జరుగుతుంది. పై స్వరం సరిగ్గా తాళం మీద పడాలి.

చాలామంది పై స్వరంతో పాటు పెడల్ మారుస్తారు. అప్పటికి చిటికెనవేలు మీట వదిలేసి ఉంటుంది, అడుగు స్వరం మాయమవుతుంది. కార్డ్ కింద నేల లేనట్టు ఉండేది అందుకే.

జానెడు_లెక్క

పద్ధతి బాగుంది, నెమ్మదైన చోట పని చేస్తుంది. వేగంగా, వరుసగా వచ్చే కార్డ్స్‌లో విడగొట్టడానికి సమయం ఏది? ఒక్కసారిగా పడాల్సిన దెబ్బ రెండుగా చీలితే స్వరకర్త రాసింది వినపడదు. ఆక్టేవ్ 15.2 సెంటీమీటర్లకీ, 14.1కీ తగ్గించిన మీటల వరుసలు ఇప్పుడు ఉన్నాయి. వయొలిన్లు పిల్లల కోసం చిన్న కొలతల్లో వస్తుంటే ఎవరికీ తప్పనిపించదు. పియానోకి మాత్రం ఒకే కొలత, అదీ పెద్ద చేతులకి సరిపోయేది. దీన్ని అడగకుండా చిన్న చేతుల పియానిస్టులని మెచ్చుకుని వదిలేస్తే వాళ్ళకి మనం చేసిన మేలేమీ లేదు.

సుత్తి_తీగ

ఒక్క చిక్కు. వయొలిన్ మనతో వస్తుంది, పియానో రాదు. పరీక్షకో కచేరీకో వెళ్తే అక్కడున్నదే వాయించాలి. హాల్లో రెండు వరుసలు ఉంచి మార్చుకోవడం సాధ్యమే, కానీ ప్రతి వరుసనీ ఆ పియానో లోపలి యంత్రానికి విడిగా సరిచూడాలి.

తక్కువ_కుర్చీ

చేతి ఆకారాన్ని అనుకరించేవాళ్ళకి ఒక మాట. పియానిస్టు హోరోవిట్జ్ వేళ్ళు చదునుగా ఉండేవి, చిటికెనవేలు అవసరం పడేదాకా ముడుచుకుని ఉండేది. మరో పియానిస్టు గ్లెన్ గూల్డ్ నేలకి సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తున్న మడత కుర్చీలో కూర్చునేవారు. ఇద్దరి చేతులకీ పోలికే లేదు. కూర్చునే ఎత్తు తగ్గితే వేళ్ళు మీటని తమవైపు లాగుతాయి. విడివిడి స్వరాలు స్పష్టంగా పలుకుతాయి, కానీ పెద్ద కార్డ్స్‌కి భుజం నుంచి దిగే బరువు తగ్గుతుంది. హోరోవిట్జ్ పియానో మీటలు చాలా తేలిగ్గా ఆడేలా సరిచేయించినవి. ఆ వేళ్ళని చూసి మామూలు పియానో మీద అలాగే చదునుగా వాయించబోతే శబ్దం పలచబడుతుంది.

ఉంగరపు_వేలు

పెద్ద చెయ్యి కూడా వరమేమీ కాదు. లావు వేళ్ళు నల్ల మీటల సందున ఇరుక్కుంటాయి. దగ్గర దగ్గర స్వరాలతో సాగే బాఖ్ ఫ్యూగుల్లో (ఒకే పాటని పలు వరుసలు ఒకదాని వెంట ఒకటి అందుకునే కృతులు) పెద్ద చేతిని ముడుచుకుని వాయించడం మరో రకం శ్రమ.

మంద్రస్థాయి గారి వాదనకి అన్నిటికన్నా గట్టి రుజువు స్వరకర్త రావెల్ రాసిన ఎడమచేతి కన్చర్టో. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం రాసింది. 1932లో వియన్నాలో ఆయనే మొదట వాయించారు. అడుగు స్వరం, నడుమ కార్డ్, పైన పాట, అన్నీ ఒకే చేతివి. ఆ దూరాలు ఎంత పెద్ద జానకీ అందవు. చెయ్యి దూకాలి, పెడల్ పట్టుకోవాలి, పైన బొటనవేలు పాడాలి. 1960లలో కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయిన పియానిస్టు లియాన్ ఫ్లైషర్ ఎడమచేతి కృతులతోనే దశాబ్దాలు కచేరీలు చేశారు.

జానెడు_లెక్క

దూకడానికి రాసిన సంగీతంలో దూకితే సరే. పట్టుకోవడానికి రాసినదాని గురించే నా పేచీ, అది అలాగే ఉంది.

కొత్తగా కృతి ఎంచుకునేవాళ్ళు ముందు ఇది చూసుకోవచ్చు. ఆక్టేవ్ పట్టి, బొటనవేలూ చిటికెనవేలూ కదలకుండా, నడుమ మూడు వేళ్ళనీ ఒక్కొక్కటిగా మీట మీద తేలిగ్గా తట్టండి. మూడూ హాయిగా తట్టగలిగితే నాలుగు స్వరాల ఆక్టేవ్ కార్డ్స్ వరుసగా వచ్చే పేజీలు మొదలుపెట్టవచ్చు. ఏ వేలైనా గాల్లోనే బిగుసుకుంటే లోపలి స్వరం ఒకటి వదిలేయండి, లేదా రెండో చేతికివ్వండి. బొటనవేలి మొదట్లో లాగినట్టనిపిస్తే ఆ రోజుకి ఆ పేజీ మూసేయండి.