ఉప్పాడ రాళ్ల గట్టు, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్: ఎర్ర ఫిల్టరా, పసుపా?

కాకినాడ_నెగెటివ్: గోదావరి డెల్టా తీరమంతా ఇసుక, ఒండ్రుమట్టి. రాళ్లు తీయాలనుకుంటే మనకు దగ్గర్లో ఉన్నవి ఉప్పాడలో సముద్రపు కోత ఆపడానికి పోసిన బండలే. ఇల్‌ఫర్డ్ వారి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఎఫ్‌పీ4 ప్లస్‌తో వాటిని తీసేటప్పుడు 25వ నంబరు ఎర్ర ఫిల్టర్ ఉండి తీరాలి. లేకపోతే ఆకాశం, నీళ్లు, రాయి అన్నీ ఒకే బూడిద.

కోనసీమ_డార్క్‌రూమ్: ఒప్పుకోనండి. ఎర్ర ఫిల్టర్ నల్లబరిచేది నీలాన్ని. వేసవిలో మన ఆకాశంలో నీలమేదీ? తేమకు పాలిపోయి ఉంటుంది, ఎర్ర ఫిల్టర్ పెట్టినా తెల్లగానే వస్తుంది. అసలు నష్టం నీడల్లో. రాళ్ల సందుల్లోకి దిగేది ఆకాశపు నీలి వెలుగే. దాన్ని ఆపేస్తే నెగెటివ్‌లో ఆ చోటు ఖాళీ. ప్రింటులో ఏం చేసినా వివరం రాదు. 8వ నంబరు పసుపు చాలు, పోయేది ఒక్క స్టాపు, అంటే వెలుగులో సగం.

కాకినాడ_నెగెటివ్: అది వెలుగు కొలిచే మీటరు దగ్గర సర్దుకోవాల్సిన పని. ఫిల్టర్ లేకుండా తడి సందును కొలవండి. మీటరు దేన్నైనా బూడిదగానే లెక్కేస్తుంది, అందుకే నలుపు నలుపుగా రావడానికి రెండు స్టాపులు తగ్గించండి, ఫిల్టర్ కోసం మూడు కలపండి.

కోనసీమ_డార్క్‌రూమ్: ఆ మూడు ఎండకు వేసిన లెక్కండీ. నీడలో నీలం పాలు ఎక్కువ కాబట్టి అక్కడ మూడుకు మించి పోతుంది. సరే, నాలుగు కలిపారనుకోండి, ఎండ పడిన నురుగు మాడిపోతుంది, వివరం లేని తెలుపే మిగులుతుంది. పొద్దు పొడవక ముందైతే ఇంకో చిక్కు: ఎక్కువసేపు తీస్తే ఫిల్మ్ స్పందన మందగిస్తుంది, మీటరు 10 సెకన్లు చూపిస్తే ఎఫ్‌పీ4కు సుమారు 18 ఇవ్వాలి. అప్పటికి అల కాస్తా పొగలా మారిపోతుంది. రాళ్ల మధ్య నుంచి వెనక్కి జారే నీటి చారలు కావాలంటే అర సెకను, మహా అయితే ఒకటి.

భీమిలి_రోడ్డు: రాయి రంగు కూడా చూడండి. ఉప్పాడ బండలు బూడిద రంగువి, ఏ ఫిల్టర్ పెట్టినా పెద్ద తేడా లేదు. మా భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలైతే ఎర్ర ఫిల్టర్‌లో తెల్లబడిపోతాయి, వాటికి ఆకుపచ్చదే సరి.

కాకినాడ_నెగెటివ్: నురుగు మాడకుండా డెవలపింగ్ సమయం 15 శాతం తగ్గించవచ్చుగా?

కోనసీమ_డార్క్‌రూమ్: ఇక్కడి వేడికి అది కష్టం. ఐడీ-11 డెవలపర్ సగం, నీళ్లు సగం కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర దాదాపు ఏడున్నర. అందులో మళ్లీ 15 శాతం కోసి, కొళాయి నీళ్లు 30కి చేరాయంటే 5 నిమిషాల లోపుకు వస్తారు, ఫిల్మ్ మీద మచ్చలు తేలతాయి. సీసాలు ఐసు తొట్టిలో పెట్టి ముందు 20కి దించండి, ఆ తర్వాతే సమయంలో కోత.

కాకినాడ_నెగెటివ్: ఆయ్, ఆ మాట నిజమే. అయినా అక్టోబరు, నవంబరుల్లో వాన వెలిసిన మర్నాడు ఆకాశం నిఖార్సైన నీలం. ఆ రోజు పసుపుతో మబ్బు తేలదు.

కోనసీమ_డార్క్‌రూమ్: ఆ రోజుకు నారింజ వేయండి, రెండు స్టాపులు. అదీ మధ్యాహ్నం మూడు దాటాక, ఎండ రోడ్డు వైపు నుంచి రాళ్ల మీద పడేటప్పుడు. పొద్దున అక్కడి నుంచే సముద్రం వైపు తీస్తే ఎదురెండ, ఏ ఫిల్టరూ పనికిరాదు.